ఉచిత పీసీ గేములు: దించుకోవాలా, బ్రౌజర్‌లోనే ఆడాలా? ఏ మిషనుకు ఏది

కౌంటర్ స్ట్రైక్ 2 ఆడటానికి రూపాయి కట్టక్కర్లేదు. కానీ స్టీమ్ అనే గేముల స్టోరులో దాని పేజీ తెరిచి కనీస అవసరాలు చూడండి: 85 జీబీ ఖాళీ, 8 జీబీ ర్యామ్. ఇంట్లో ఉన్నది 256 జీబీ ఎస్‌ఎస్‌డీతో వచ్చిన మామూలు ల్యాప్‌టాప్ అయితే విండోస్ దాన్ని 238 జీబీగానే చూపిస్తుంది. విండోస్, ఆఫీసు, పెళ్లి ఫొటోలు పోను 100 జీబీ మిగిలితే గొప్ప. ఆ ఒక్క గేముతో డిస్కు నిండిపోయినట్టే.

నెట్ లెక్క కూడా అంతే. 40 ఎంబీపీఎస్ ఫైబర్ కనెక్షన్ మీద సెకనుకు 5 ఎంబీ దిగుతుంది, అంటే 30 జీబీ గేముకు గంటా నలభై నిమిషాలు. రోజుకు 2 జీబీ ఇచ్చే ఫోను హాట్‌స్పాట్ మీద అదే గేముకు పదిహేను రోజులు, అదీ ఆ డేటాతో ఇంకేమీ చూడకపోతే. అందుకే ఏ గేము బాగుంటుందని వెతకడం కంటే ముందు మన మిషను, మన నెట్ ఏది మోయగలవో తేల్చుకోవాలి. గేము పేరు ఆఖర్న.

ముందు మిషను సంగతి

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో పెర్ఫార్మెన్స్ విభాగంలోకి వెళ్లండి. మెమరీ దగ్గర మొత్తం ర్యామ్ ఎంతో, జీపీయూ దగ్గర గ్రాఫిక్స్ పేరేమిటో కనిపిస్తుంది. ఇంటెల్ యూహెచ్‌డీ అనో, ఉత్తినే రేడియాన్ గ్రాఫిక్స్ అనో ఒకే పేరుంటే విడిగా కార్డు లేదని అర్థం. అప్పుడు గ్రాఫిక్స్ పనికి కూడా ర్యామ్‌నే వాడుకుంటుంది.

అదే మెమరీ పేజీలో కింద స్లాట్స్ యూజ్డ్ అని ఒక వరుస ఉంటుంది, చాలామంది గమనించరు. అక్కడ రెండింటిలో ఒకటి అని ఉంటే మీ అదృష్టం. ఖాళీ స్లాటులో అదే సైజు, అదే రకం ర్యామ్ ముక్క ఇంకొకటి పెడితే గ్రాఫిక్స్‌కు డేటా అందే దారి రెట్టింపవుతుంది. విడి కార్డు లేని ల్యాప్‌టాపుల్లో గేము వేగం కంటికి తెలిసేంత పెరుగుతుంది. ఉచిత గేములో తుపాకీ రంగు మార్చుకోవడానికి పెట్టే డబ్బు దీనికి పెట్టడం మేలు. కొనేముందు డీడీఆర్4నా, డీడీఆర్5నా చూసుకోండి, ఒకదాని స్లాటులో ఇంకొకటి పట్టదు. కొన్ని పల్చటి మోడళ్లలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, వాటికి ఈ దారి లేదు.

ఇక మిషన్లను మూడు రకాలుగా చూడొచ్చు. 4 జీబీ ర్యామ్, పాత హార్డ్‌డిస్కు ఉంటే బ్రౌజర్ గేములు, వెస్నాత్, ఓపెన్‌టీటీడీ, కేవ్ స్టోరీ లాంటివే హాయి. డోటా 2 పేజీలో 4 జీబీ చాలని రాసి ఉంటుంది కానీ విండోసే అందులో సగానికి పైగా తినేస్తుంది, మిగిలిన దానితో ఆట నత్తనడకే. 8 జీబీ ఉండి కార్డు లేకపోతే వాలరెంట్, టీమ్ ఫోర్ట్రెస్ 2, జీరో ఏడీ, సూపర్‌టక్స్‌కార్ట్ సెట్టింగులు తగ్గించి ఆడొచ్చు. 16 జీబీ, విడి కార్డు ఉన్నవారు నేరుగా కింది భాగాలకు వెళ్లిపోవచ్చు, వాళ్ల చిక్కంతా డిస్కు చోటుతోనే.

గేము తడబడితే దాన్ని తీసేసే ముందు రెండు పనులు చేసి చూడండి. తెర రిజల్యూషన్‌ను 1920×1080 నుంచి 1280×720కి దించితే గీయాల్సిన చుక్కలు సగం కంటే తగ్గిపోతాయి. రెండోది, ఛార్జర్ పెట్టే ఆడండి. బ్యాటరీ మీద ఉన్నప్పుడు ల్యాప్‌టాప్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. బాగా నడిచిన గేము కరెంటు పోగానే మొరాయించేది ఇందుకే.

విండోస్ 7, 8 మిషన్లకు స్టీమ్ 2024 జనవరి 1 నుంచి సాయం ఆపేసింది. క్రోమ్ కూడా విండోస్ 7కి 109వ వెర్షన్‌తో ఆగిపోయింది. అలాంటి మిషనుంటే పెద్ద స్టోర్ల జోలికి పోకుండా, ఆయా గేముల సొంత సైట్లలో పాత వెర్షన్లు వెతుక్కోవడమే దారి.

ఉచితంలోనూ రకాలున్నాయి

స్టీమ్‌లో మీటను చూస్తే చాలా సంగతి తెలుస్తుంది. ప్లే గేమ్ అని ఉంటే అది ఎప్పుడూ ఉచితమైనా అయ్యుండాలి, వారాంతం వరకే తెరిచిన కొనుగోలు గేమైనా అయ్యుండాలి. రెండోదైతే ఎప్పుడు ముగుస్తుందో మీట దగ్గరే రాసి ఉంటుంది, అది చూడకుండా శనివారం రాత్రంతా దించుకుంటే ఆదివారం ఓ పూట ఆడి ఊరుకోవాల్సిందే. యాడ్ టు అకౌంట్ అని ఉంటే మాత్రం వదలకండి. కొన్నాళ్లు ధర సున్నా చేసిన గేము అది, ఒకసారి కలుపుకుంటే మీ ఖాతాలోనే ఉండిపోతుంది.

ఇలా గేమును ఖాతాకు కలుపుకోనిచ్చే పద్ధతిని ఎపిక్ గేమ్స్ స్టోర్ వారం వారం పాటిస్తుంది. 2018 డిసెంబరులో మొదలైన ఈ స్టోరు ప్రతి గురువారం కొత్త ఉచిత గేము పెడుతుంది. మన టైములో వేసవిలో రాత్రి 8:30కి, అమెరికాలో గడియారాలు వెనక్కి తిప్పాక 9:30కి మారుతుంది. అప్పటికప్పుడు దించుకోనక్కర్లేదు. ఫోను బ్రౌజర్‌లో లాగినై గెట్ నొక్కి ఆర్డరు పూర్తిచేస్తే చాలు, గేము లైబ్రరీలో చేరిపోతుంది. మంచి మిషను కొన్నాక తీరిగ్గా దించుకోవచ్చు. ఇప్పుడు బలహీనమైన ల్యాప్‌టాప్ ఉన్న కాలేజీ పిల్లలకు ఇంతకంటే తెలివైన పొదుపు లేదు.

జీఓజీ స్టోరు పద్ధతి వేరు. ఉచిత గేములు తక్కువే, కానీ ఇన్‌స్టాలర్ ఫైలు మీ చేతికే ఇస్తుంది. పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని నెట్ లేని ఊరికి పట్టుకెళ్లినా లాగిన్ అడక్కుండా నడుస్తుంది. బినీత్ ఎ స్టీల్ స్కై లాంటి పాత సాహస గేములు అక్కడ ఊరికే దొరుకుతాయి. స్టీమ్‌లో ఇలా చేయాలంటే నెట్ ఉన్నప్పుడే గేమును ఓసారి తెరిచి, అప్‌డేట్లు పూర్తి చేసి, ఆపైన గో ఆఫ్‌లైన్ ఎంచుకోవాలి. నేరుగా వైర్లు పీకేసి ఆడబోతే లాగిన్ దగ్గర ఆగిపోవచ్చు.

మిగిలినవి ఓపెన్ సోర్స్ గేములు, అంటే కోడ్ అందరికీ తెరిచి ఉంచినవి. వీటిలో వస్తువులు అమ్మే కొట్టు ఉండదు, ప్రకటనలు ఉండవు, డబ్బు పెట్టినవాడికి ఎక్కువ బలం రావడం ఉండదు. బొమ్మల తళుకు తక్కువే. సాధారణ మిషన్లకు మా ఓటు మాత్రం వీటికే.

తుపాకీ గేములు: వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్, జోనోటిక్

మన కుర్రాళ్లు ఎక్కువగా అడిగేవి ఈ రకమే, ఇన్‌స్టాల్ దగ్గర ఎక్కువ తంటాలు వచ్చేవీ ఇవే.

వాలరెంట్ 2020 జూన్‌లో వచ్చింది. ముంబైలో సర్వర్లున్నాయి, తక్కువ మిషన్ల మీద కూడా మర్యాదగా నడుస్తుంది. చిక్కంతా వాన్‌గార్డ్ అనే మోసాల కాపలా సాఫ్ట్‌వేరుతో. అది విండోస్ లోపలి పొరలో, కంప్యూటర్ ఆన్ అయినప్పటి నుంచీ నడుస్తుంది. అందుకే ఇన్‌స్టాల్ చేశాక రీస్టార్ట్ తప్పదు. విండోస్ 11లో టీపీఎం 2.0 (రహస్య కీలు దాచే భద్రతా ఏర్పాటు), సెక్యూర్ బూట్ (సంతకం ఉన్న సాఫ్ట్‌వేరుతోనే కంప్యూటర్ లేచేలా చూసే ఏర్పాటు) రెండూ ఆన్‌లో ఉండాలి, లేకపోతే వ్యాన్ 9001 లాంటి ఎర్రర్ చూపించి మూసుకుంటుంది.

ఇక్కడే తొందరపడి బయోస్‌లోకి (విండోస్ కంటే ముందే లేచే మిషను సెట్టింగుల్లోకి) దూరి కంప్యూటర్ తెరుచుకోకుండా చేసుకునేవాళ్లు ఎక్కువ. వరుస ఇది. స్టార్ట్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిచి బయోస్ మోడ్ చూడండి. యూఈఎఫ్‌ఐ అని ఉంటే బయోస్‌లో టీపీఎం, సెక్యూర్ బూట్ ఆన్ చేస్తే సరిపోతుంది. లెగసీ అని ఉంటే ఆగండి. డిస్కు ఎంబీఆర్ అనే పాత పద్ధతిలో విభజించి ఉందన్నమాట, దాన్ని జీపీటీ అనే కొత్త పద్ధతికి మార్చకుండా బయోస్ మారిస్తే విండోస్ లేవదు. ఆ మార్పిడికి ముందు ఫైళ్లన్నీ వేరే చోట దాచుకోవాలి. ఏ దారిలో వెళ్లినా ముందుగా మైక్రోసాఫ్ట్ ఖాతాలో బిట్‌లాకర్ (డిస్కుకు విండోస్ వేసే తాళం) రికవరీ కీ ఉందో లేదో చూసి కాగితం మీద రాసుకోండి. బయోస్ మార్చాక ల్యాప్‌టాప్ ఆ 48 అంకెలు అడిగితే అవి లేకుండా లోపలికి వెళ్లలేరు. ఆఫీసువాళ్లిచ్చిన ల్యాప్‌టాప్ అయితే ఈ ప్రయత్నమే వద్దు.

కౌంటర్ స్ట్రైక్ 2కి అంత లోతు కాపలా లేదు, లైనక్స్ మీద కూడా నడుస్తుంది. బదులుగా చోటు, ర్యామ్, గ్రాఫిక్స్ ఎక్కువ అడుగుతుంది. పూర్తిగా ఉచితమని కూడా అనలేం. ర్యాంకు మ్యాచులు కావాలంటే ప్రైమ్ అనే హోదా కొనాలి, కొననివాళ్లకు మోసగాళ్లు ఎక్కువ తగులుతారు. సరదాగా ఓ గంట ఆడేవాళ్లకు ఇబ్బంది లేదు, పోటీ పట్టుదల ఉంటే అదనపు ఖర్చు లెక్కలో వేసుకోండి. టీమ్ ఫోర్ట్రెస్ 2 వయసు మళ్లినదే, 2011 నుంచి ఉచితం. ఏమీ కొనని ఖాతాలకు అందులో చాట్ ఉండదు. చిన్నపిల్లలు ఆడే ఇంట్లో అదే మంచిదనిపిస్తుంది.

నెట్ సరిగా లేని ఇంటికి జోనోటిక్ పెట్టండి. ఒక జీబీ చుట్టుపక్కల జిప్ ఫైలు, ఇన్‌స్టాల్ అంటూ లేదు, బాట్లతో, అంటే కంప్యూటరే నడిపే ఆటగాళ్లతో, ఒంటరిగా ఆడుకోవచ్చు. జిప్‌ను పూర్తిగా విప్పాకే గేము ఫైలు నొక్కాలి. జిప్ లోపల నుంచే నొక్కితే డేటా దొరకడం లేదని మూసుకుంటుంది, గేము చెడిపోయిందనుకుని మళ్లీ దించుకునేవాళ్లు బోలెడుమంది.

స్టీమ్‌లో ఏ ఉచిత గేమైనా తీసుకునే ముందు పేజీ కుడివైపు చూసే అలవాటు చేసుకోండి. ఇన్-యాప్ పర్చేజెస్, వేరే కంపెనీ ఖాతా కావాలన్న మాట, కెర్నల్ స్థాయి (వాన్‌గార్డ్‌లా విండోస్ లోపలి పొరలో నడిచే) యాంటీ చీట్ ఉందన్న హెచ్చరిక అక్కడే ఉంటాయి. ఈ చివరిది వెల్లడించాలన్న నియమాన్ని స్టీమ్ నడిపే వాల్వ్ కంపెనీ 2024లో తెచ్చింది. సమీక్షల్లో మొత్తం మార్కు కంటే ఇటీవలి మార్కు ముఖ్యం. పాతది చాలా బాగుందని, కొత్తది మిక్స్‌డ్ అని ఉంటే ఈ మధ్య అప్‌డేట్‌లో ఏదో చెడగొట్టారనే.

కట్టే ఆటలు, ఎత్తులు వేసే ఆటలు

ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ మీద మనసున్నవారికి జీరో ఏడీ. మౌర్యులు కూడా ఇందులో ఒక రాజ్యం, వాళ్లకు ఏనుగుల దండు ఉంటుంది. రెండు రాజ్యాలతో మొదలుపెడితే సాఫీగా సాగుతుంది. సైన్యాలు పెరిగే కొద్దీ గేము నెమ్మదిస్తుంది. వందల సైనికులకు ఒకేసారి దారి వెతికే పని ఎక్కువగా ప్రాసెసర్‌లో ఒక్క కోరు మీదే పడటం అందుకు కారణం, గ్రాఫిక్స్ తగ్గించినా ఒరిగేదేమీ లేదు. ఆట మొదలుపెట్టే తెరలోనే జనాభా పరిమితిని 100 లేదా 150కి దించండి.

వెస్నాత్ 2003 నుంచి నడుస్తున్న వంతులవారీ యుద్ధం, బలహీనమైన మిషనుకు మొదటి ఎంపిక. ఓపెన్‌టీటీడీలో రైళ్లు, బస్సులు, ఓడలు నడిపి లాభాలు చూపించాలి. మొదటిసారి తెరిచినప్పుడు బొమ్మల ప్యాకు దించుకోమంటుంది. అప్పుడు నెట్ ఉండాలి, ఆ తర్వాత అక్కర్లేదు.

మైన్‌క్రాఫ్ట్ కొనలేక వెతికేవారికి లువాంటి. 2024 అక్టోబరు వరకు దాని పేరు మైన్‌టెస్ట్, పాత వీడియోల్లో ఆ పేరే వినిపిస్తుంది. తెరవగానే ఖాళీ తెర, ఆడటానికేమీ ఉండదు. అది ఇంజనే కానీ గేము కాదు మరి. కంటెంట్ విభాగంలోకి వెళ్లి, ఆన్‌లైన్ కంటెంట్‌లో వాక్సెలిబ్రే వెతికి ఇన్‌స్టాల్ చేస్తే మైన్‌క్రాఫ్ట్‌కు దగ్గరగా ఉండే ప్రపంచం వస్తుంది.

చిన్నపిల్లలు ఇద్దరుంటే సూపర్‌టక్స్‌కార్ట్. ఒకే తెరను చీల్చి ఇద్దరూ ఆడొచ్చు. ఒకే కీబోర్డు మీద ఇద్దరూ నొక్కితే కొన్ని మీటలు పలకవు, చవక కీబోర్డులు ఒకేసారి అన్ని మీటలను గుర్తించలేవు. ఒకరికి గేమ్‌ప్యాడ్ ఇస్తే గొడవ తీరుతుంది.

బ్రౌజర్‌లోనే ఆడేవి

డిస్కులో చోటు లేకపోయినా, మిషను మనది కాకపోయినా ఇవే గతి, కొన్ని నిజంగా మేలైనవి కూడా. చదరంగానికి లిచెస్‌ను మించింది లేదు: ప్రకటనల్లేవు, కట్టేది లేదు, ఆడిన ప్రతి ఆటనూ స్టాక్‌ఫిష్ అనే చదరంగం ప్రోగ్రాముతో పరీక్షించుకోవచ్చు. ఈ పనికి చెస్ డాట్ కామ్ ఉచిత ఖాతాలో పరిమితి ఉంటుంది. 2024 బుడాపెస్ట్ ఒలింపియాడ్‌లో స్వర్ణాలు గెలిచిన జట్లలో హరికృష్ణ, అర్జున్, హారికలను చూసి ఇంట్లో పిల్లలు మారాం చేస్తుంటే ఇదొక్కటి చాలు.

కొత్త చిన్న గేములకు ఇచ్ డాట్ ఐఓ. ఉచితం, వెబ్ అనే రెండు వడపోతలు పెడితే దించుకోకుండా ఆడేవే మిగులుతాయి. దించుకోబోతే డబ్బు అడిగే కిటికీ వస్తుంది. చాలా గేములకు అది తోచినంత ఇవ్వమనే విన్నపమే, అక్కడే వద్దు, డౌన్‌లోడ్‌కు వెళ్తానన్న లింకు చిన్న అక్షరాల్లో ఉంటుంది.

బ్రౌజర్ గేము ముక్కుతూ మూలుగుతూ నడుస్తుంటే బ్రౌజర్ సెట్టింగ్స్‌లో సిస్టమ్ కింద గ్రాఫిక్స్ యాక్సిలరేషన్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. ఆఫ్‌లో ఉంటే బొమ్మలన్నీ ప్రాసెసరే గీయాలి. చాలా బ్రౌజర్ గేములు ఆట పురోగతిని బ్రౌజర్‌లోనే దాస్తాయి. కుకీలు, సైట్ డేటా తుడిచేస్తే నెల్లాళ్ల ఆట ఎగిరిపోతుంది, ఇన్‌కాగ్నిటో కిటికీలో ఆడితే మూసిన క్షణమే పోతుంది. ఖాతాకు సేవ్ చేసే గేమా కాదా అన్నది ముందే చూసుకోవాలి.

చిన్నప్పటి ఫ్లాష్ గేముల కోసం వెతుకుతున్నారా? ఫ్లాష్‌ను అడోబీ 2020 డిసెంబరు 31తో ఆపేసింది. ఇప్పుడు ఏ సైటైనా ఫ్లాష్ ప్లేయర్ ఇన్‌స్టాల్ చేయమంటే అది వైరసే, ఇంకో మాట లేదు. పాత ఫ్లాష్ గేములను నడిపే రఫుల్ ఎక్స్‌టెన్షన్ గానీ, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోని ఫ్లాష్ విభాగం గానీ వాడుకోండి.

ఎవరితో ఆడతారు?

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉన్న స్నేహితులతో అయితే ముంబై, చెన్నై సర్వర్లున్న గేములన్నీ బాగుంటాయి. వైఫై ఊగిసలాడితే ల్యాన్ కేబుల్ వేయండి, స్పీడు ప్యాకేజీ పెంచడం వల్ల పింగ్ (సర్వరుకు సంకేతం వెళ్లి రావడానికి పట్టే సమయం) పెద్దగా తగ్గదు.

డాలస్‌లో ఉన్న అన్నయ్యతో గుంటూరు తమ్ముడు ఆడాలంటే తుపాకీ గేములు మర్చిపోండి. అంత దూరానికి పింగ్ 200 మిల్లీసెకన్లు దాటుతుంది, ఏ కనెక్షనూ దాన్ని మార్చలేదు. పైగా వాలరెంట్ ఖాతా ప్రాంతానికి కట్టుబడి ఉంటుంది, రెండు ప్రాంతాలవాళ్లు ఒకే మ్యాచులో కలవలేరు. వీళ్లకు వంతులవారీ గేములే సరి. వెస్నాత్ మ్యాచును సగంలో సేవ్ చేసి మళ్లీ వారాంతంలో కొనసాగించొచ్చు. లిచెస్‌లో ఒక్కో ఎత్తుకు 14 రోజుల దాకా గడువు పెట్టుకోవచ్చు, అక్కడ పగలు ఇక్కడ రాత్రి అన్న బాధ ఉండదు.

దించుకునేటప్పుడు

గేము పేరు పక్కన ఫ్రీ డౌన్‌లోడ్ అని కొట్టి వెతికితే పైన వచ్చేవి తరచూ ప్రకటనలే. స్టోరులోనే వెతకండి, ఓపెన్ సోర్స్ గేమైతే వికీపీడియా పేజీ కుడివైపు పెట్టెలో ఉన్న అధికారిక సైటు లింకు పట్టుకోండి. డబ్బుకి అమ్మే గేము ఊరికే ఇస్తామనే సైట్లలో ఒక గుర్తు స్పష్టంగా ఉంటుంది: పాస్‌వర్డ్ పెట్టిన జిప్, పక్కనే ఆ పాస్‌వర్డు, ఇన్‌స్టాల్ చేసేముందు యాంటీవైరస్ ఆపమన్న సూచన. పాస్‌వర్డు ఉంటే స్కానర్ లోపలికి చూడలేదు, అందుకే పెడతారు. అలా దూరినవి బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డులు ఎత్తుకెళ్లే రకాలు.

ఓపెన్ సోర్స్ ఇన్‌స్టాలర్లకు కూడా విండోస్ నీలం కిటికీలో హెచ్చరిక ఇస్తుంది, డిజిటల్ సంతకానికి డబ్బు కట్టే స్తోమత ఆ చిన్న బృందాలకు ఉండదు. అధికారిక సైటు నుంచి తెచ్చిందైతే మోర్ ఇన్ఫో నొక్కి రన్ ఎనీవే అనొచ్చు. అనుమానముంటే 650 ఎంబీ లోపు ఫైలును వైరస్‌టోటల్ అనే స్కానింగ్ సైటులో వేసి చూడండి. డెబ్బైకి దగ్గరగా ఉన్న స్కానర్లలో ఊరూపేరూ లేని ఒకటో రెండో అరిస్తే పట్టించుకోనక్కర్లేదు, పదో పదిహేనో అరిస్తే తుడిచేయండి.

ఉచిత గేముల సైట్లలో రమ్మీ, పందేల ప్రకటనలు కనిపిస్తే వాటి వైపు వెళ్లొద్దు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో వీటిని నిషేధించాయి, 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ గేములను దేశమంతటా ఆపింది. ఇప్పుడు కనిపించేవి చట్టం కన్నుగప్పి నడిచేవే. పిల్లలు ఆడే మిషనులో స్టీమ్ ఖాతాకు కార్డు వివరాలు సేవ్ చేయకుండా వదిలేయండి, ఉచిత గేములకు వాటి అవసరం రాదు.

నచ్చని గేము తీసేసేటప్పుడు ఫోల్డరు డిలీట్ చేసి ఊరుకోకండి. సెట్టింగ్స్‌లో ఇన్‌స్టాల్డ్ యాప్స్‌కు వెళ్లి తీయండి. వాలరెంట్ తీసినా రయట్ వాన్‌గార్డ్ అక్కడ విడిగా మిగిలే ఉంటుంది, దాన్నీ అన్‌ఇన్‌స్టాల్ చేసి ఒకసారి రీస్టార్ట్ చేయాలి. స్టీమ్ గేములైతే స్టోరేజ్ పేజీలో ఏది ఎంత చోటు పట్టిందో వరుసగా చూపిస్తుంది. పెద్ద అప్‌డేట్‌లో పాత, కొత్త ఫైళ్లు కాసేపు రెండూ ఉండాలి కాబట్టి, ఉంచుకున్న పెద్ద గేముకు అదనంగా 20, 30 జీబీ ఖాళీ వదలండి. డిస్కు నిండినందువల్ల అప్‌డేట్ సగంలో ఆగి డిస్క్ రైట్ ఎర్రర్ వస్తే గేమును తీసేయనక్కర్లేదు. చోటు చేసి, ప్రాపర్టీస్‌లో ఇన్‌స్టాల్డ్ ఫైల్స్ కింద వెరిఫై నొక్కితే పాడైన ముక్కలనే మళ్లీ దించుకుంటుంది.